సంఘపెద్ద కూతురి గుండు

అరవైల మొదట్లో మా ఇంటిల్లిపాదికీ దువ్వెన ఒక్కటే. నేనూ, అక్కా, పిన్ని కూతుళ్లూ దానితోనే దువ్వుకునేవాళ్లం. కాబట్టి పేలకు మా తలలన్నీ ఒకే ఊరి వీధులు. అందులో నా తలంటే వాటికి మక్కువ ఎక్కువ. చదువు తలకెక్కని పిల్లకు ఏదో ఒకటి ఎక్కాలి కదా.

ముత్తుకూరు దగ్గర మా ఊళ్లో ఎండాకాలమంతా ఉప్పుగాలి, చెమట. గీరి గీరి నా తల పుండ్లు పడింది. అమ్మ వేపాకు కాచిన నీళ్లు పోసింది. సీతాఫలం గింజలు నూరి, నూనెలో కలిపి, కళ్లకు గుడ్డ కట్టి మరీ పట్టించింది. పేలు చచ్చాయి గానీ ఈరులు వెంట్రుకలను వదల్లేదు. పుండ్లు రసి కారి జుట్టు అట్ట కట్టింది. చివరికి ధర్మాసుపత్రి కంపౌండరు చూసి, "మందు పట్టాల్సింది చర్మానికమ్మా, జడకి కాదు. గొరిగించుకోని రాండి. ఇకమీదట ఎవురి దువ్వెన వాళ్లకుండాల" అన్నాడు.

చిక్కంతా నాన్నకొచ్చింది. ఆయన దర్జీ. అంతకంటే ముఖ్యంగా మా చర్చిలో సంఘపెద్ద. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్లెం పట్టుకుని వరసల మధ్య నడిచేది ఆయనే. మా ఊళ్లో ఆడపిల్ల గుండుతో కనిపించిందంటే తిరుపతి కొండ మొక్కు తీరినట్టే. వేరే అర్థం ఎవరికీ తట్టదు.

అయినా మంగలిని పిలిపించాడు. గుండంతా ఊదారంగు మందు పూశారు. మిగులు గుడ్డముక్కలతో నాన్న నాకొక పువ్వుల టోపీ కుట్టాడు. జడలో పెట్టుకునే యోగం లేని పూలు అలా నెత్తికెక్కాయి.

ఎదురింటి రైతుగారి భార్య టోపీ అంచు కింద బోడితనం కనిపెట్టి సంబరపడిపోయింది.

"ఏందిమే, చెప్పాపెట్టకుండా పొయ్యొచ్చినారా కొండకి? లడ్డు ముక్కన్నా ఇయ్యకపోతే ఎట్టమే?"

"కొండా లేదు గిండా లేదక్కా. పుండ్లు," అంది అమ్మ.

"ఊరుకోమే, నాకాడ దాస్తావా? నేనెవురికీ చెప్పన్లే."

ఆమె ఎవరికీ చెప్పలేదేమో గానీ, శనివారం సాయంత్రానికి సంఘమంతటికీ తెలిసింది. పాస్టరు అయ్యగారు వచ్చి, కాఫీ తాగి, గ్లాసులోకి చూస్తూ అన్నారు: "పెద్దాయనా, రేపు బల్ల దగ్గర మీరు నిలబడొద్దు. సంఘంలో మాటొచ్చింది. విచారించినాక చూద్దాం."

నాన్న కత్తెర కింద పెట్టి "సరే అయ్యగారూ" అన్నాడు. మర్నాడు చర్చిలో చిట్టచివరి వరసలో కూర్చున్నాడు. పళ్లెం ఇంకొకరి చేతిలో నడిచింది.

అమ్మ మాత్రం సరే అనలేదు. ఆరాధన ముగియగానే ఆడవాళ్ల చాపల మధ్య నన్ను నిలబెట్టి టోపీ లాగేసింది.

"చూడండమ్మా! కొండకి పోయినోళ్ల గుండుకి గంధం పూస్తారు. ఇది గంధమేనా?"

ఊదా మచ్చల మధ్య చీము చుక్కలు. అందరూ వంగి వంగి చూశారు. నా తలలో ఏముందో తెలుసుకోవాలని అంతమంది ఆసక్తి చూపడం అదే మొదలు, అదే ఆఖరు. ఒకావిడ ముక్కు మూసుకుంది. పాస్టరు గారి భార్య ఒక్కరే దగ్గరికొచ్చి, వేలితో నా చెవి వెనక తడిమి చూశారు.

"ఈ మందు యాడిచ్చినారు?"

"ధర్మాసుపత్రిలో, అమ్మగారూ."

ఆమె గొంతు తగ్గించారు. "మా పిల్లకీ ఇట్టనే ఉండాది. జుట్టు తీపిస్తే జనం ఏమంటారో అని, పైన నూనె రాసి జడేసి పంపిస్తన్నా. రాత్రిళ్లు ఏడస్తా ఉంది."

అమ్మ టోపీ నా నెత్తిన పెట్టి, అంచు సరిచేసింది.

ఆ వారం మధ్యలో అయ్యగారు మళ్లీ మా ఇంటికొచ్చారు. ఈసారి ఒక్కరే రాలేదు. చేయి పట్టుకుని వచ్చిన కూతురి తలకు తెల్ల తువ్వాలు చుట్టి ఉంది. తువ్వాలుకు అక్కడక్కడా ఊదారంగు దిగింది.

"పెద్దాయనా, పాపకొక టోపీ కుట్టాల. వచ్చే నెల బల్ల దగ్గర మీరే నిలబడాల."

"మరి విచారణ?" అన్నాడు నాన్న.

"అది మా ఇంట్లోనే అయిపోయింది."

నాన్న టేపు తీసి ఆ పిల్ల తల చుట్టూ పట్టాడు.