రెండు రీళ్ళు, అరవై సమోసాలు: బ్లాక్‌టౌన్ నుంచి బాథర్స్ట్ దాకా

యూసుఫ్ అంకుల్ తీసిన సినిమాకు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ రాసింది నేను. తెర కింద ఆ మాటలను సమయానికి వేయాల్సింది కూడా నేనే కాబట్టి, ఆగస్టులో ఒక శనివారం ఆయనతో కలిసి బాథర్స్ట్ వెళ్ళాను. సిడ్నీకి పడమరగా, కొండలు దాటాక వచ్చే ఊరది. ఆ వారాంతం అక్కడ ఒక చిన్న ఫిల్మ్ ఫెస్టివల్ జరిగింది. సొంతంగా సినిమా తీసి, దాన్ని చంకన పెట్టుకుని ఊళ్ళు తిరగాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని ఆ రోజు సంగతి మొదటి నుంచీ రాస్తున్నాను.

యూసుఫ్ అంకుల్‌ది గుంటూరు. బ్లాక్‌టౌన్‌లో వాళ్ళింట్లోనే ఒక గది అద్దెకు తీసుకుని నేను యూనివర్సిటీకి వెళ్తున్నాను. ఆయన బ్యాంకుల పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేయడానికి వైటూకే పని మీద సిడ్నీ వచ్చారు. రెండువేల సంవత్సరం వచ్చింది, ఏ కంప్యూటరూ ఆగలేదు, ఆయన కాంట్రాక్టు మాత్రం ఆగిపోయింది. ఆ ఖాళీలో గుంటూరు వెళ్ళి, తను పెరిగిన వీధిలోనే పదహారు ఎం.ఎం. ఫిల్ము మీద డెబ్బై రెండు నిమిషాల సినిమా తీసుకొచ్చారు. పేరు ‘ఉప్పు సరిపోయిందా’. పెళ్ళిళ్ళలో బిర్యానీ వండే ఒక మాస్టరుకు ఉన్నట్టుండి వాసనా రుచీ తెలియకుండా పోతాయి. ఆ సంగతి బయటపడితే ఎవరూ పిలవరని అందరి దగ్గరా దాచిపెడతాడు, భార్య దగ్గర కూడా. మాస్టరుగా వేసింది గుంటూరులో నిజంగానే పెళ్ళి వంటలు చేసే మనిషి. భార్యగా వేసింది అంకుల్ భార్యే, మా రజియా ఆంటీ.

అప్పటికి నాలుగు ఫెస్టివల్స్‌కు వీహెచ్ఎస్ క్యాసెట్లు పంపితే నాలుగు మర్యాదైన ఉత్తరాలు వచ్చాయి. ‘ఎంతో ఆసక్తిగా చూశాం, కానీ’ అని మొదలయ్యే ఉత్తరాలు. మర్యాదగల మాటలన్నిటికీ చివర ‘కానీ’ ఎందుకుంటుందో అని నేను నా నోటుబుక్కులో రాసుకున్నాను. ఐదో జవాబు మాత్రం బాథర్స్ట్ నుంచి, సరే అని వచ్చింది. అంతకన్నా పెద్ద కబురు, మెల్బోర్న్ ఫెస్టివల్‌కు సినిమాలు ఎంపిక చేసే హెలెన్ అనే ఆవిడ ఆ రోజు అక్కడికి వస్తున్నారు. ఆ సోమవారమే యూసుఫ్ అంకుల్ కాన్‌బెర్రాలో కొత్త ఉద్యోగంలో చేరాలి. ఇదే ఆఖరి ఫెస్టివల్ అని ఆంటీకి మాటిచ్చారు. హెలెన్ తీసుకుంటే సినిమా మెల్బోర్న్ వెళ్తుంది, లేకపోతే మంచం కిందికి వెళ్తుంది. బయల్దేరేటప్పుడు మా ఇద్దరికీ తెలిసిన లెక్క ఇంతే.

సబ్‌టైటిల్స్‌ను ఫిల్ము మీదే ముద్రించే స్తోమత లేదు. అందుకని ఒక్కో మాటను ల్యాప్‌టాప్‌లో ఒక్కో స్లైడుగా చేశాం. మొత్తం నాలుగు వందల పన్నెండు. పాత్ర నోరు తెరవగానే నేను స్పేస్ బార్ నొక్కాలి, హాల్లోని ఇంకో చిన్న ప్రొజెక్టరు దాన్ని తెర కింద వేస్తుంది. సినిమా సగంలో మాస్టరు డేగిసాకు మూతపెట్టి, చుట్టూ పిండి అద్ది, దమ్ మీద ఉంచి పక్కన కూర్చుంటాడు. ఉప్పు సరిపోయిందో లేదో అతనికి తెలియదు. “ఇక ఆగడమే” అంటాడు. ఆ రెండు ముక్కల కోసం వారం రోజులు తిప్పలుపడి, చివరికి ‘నౌ వుయ్ వెయిట్’ అని రాశాను. ఆ వెంటనే తెర నల్లబడి, తెల్లటి అక్షరాలతో ‘విశ్రాంతి’ అని కార్డు పడుతుంది.

“అంకుల్, విశ్రాంతికి స్లైడు చేయలేదు. ఇంటర్వెల్ అని వేయనా?” అని ముందురోజు అడిగాను.

“ఊరుకోమ్మా. ఇంటర్వెల్‌కి ట్రాన్స్‌లేషన్ ఏంది? లైట్లు వేస్తే పసిపిల్లోడికి కూడా తెలుస్తది, లేచి టీకి పోవాలని” అన్నారు.

నాకూ అది సబబుగానే తోచింది. పుట్టి బుద్ధెరిగాక నేను చూసిన సినిమాలన్నిటికీ ఇంటర్వెల్ ఉంది.

ఉదయం ఎనిమిది దాటాక బ్లాక్‌టౌన్‌లో కొండలవైపు వెళ్ళే రైలెక్కాం. రానూపోనూ టికెట్టు, లిత్‌గో నుంచి వెళ్ళే కోచ్ బస్సుతో కలిపి, మనిషికి ముప్పై డాలర్ల లోపే అయింది. నాలాంటి విదేశీ విద్యార్థులకు రాయితీ లేదు, కాబట్టి యూని కార్డు చూపించి వాదించకండి, నేను వాదించి చూశాను. సామాను మాత్రం జాగ్రత్త. మా దగ్గర రెండు రేకు డబ్బాల్లో రెండు రీళ్ళు, ల్యాప్‌టాప్ సంచి, రజియా ఆంటీ వేయించి ఇచ్చిన అరవై సమోసాల డబ్బా ఉన్నాయి. ప్లాట్‌ఫాం దాకా వచ్చిన వాళ్ళ ఎనిమిదేళ్ళ కూతురు ఆయేషా, “డాడ్, ఆర్ యూ ఫేమస్ టుడే ఆర్ నెక్స్ట్ వీక్?” అని అడిగింది. “సాయంత్రం చెప్తా” అన్నారు ఆయన.

పెన్రిత్ దాటాక రైలు కొండెక్కుతుంది. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే లోయలు బాగా కనిపిస్తాయంటారు కానీ, ఆ రోజు మంచు తప్ప ఏమీ కనిపించలేదు. కటూంబాలో తలుపు తెరుచుకున్నప్పుడు లోపలికొచ్చిన చలికి సమోసాల డబ్బాను ఒడిలో పెట్టుకున్నాను. పదకొండు కావస్తుండగా లిత్‌గోలో దిగాం. స్టేషన్ బయటే కోచ్ ఉంటుంది. సామాను సర్దుతున్న డ్రైవరు ఎర్రటి బుగ్గల పెద్దాయన.

“ఏముందమ్మా ఈ టిన్నుల్లో? బిస్కెట్లా?” అన్నాడు ఇంగ్లిష్‌లో.

“సినిమా. కొంచెం మెల్లగా పెట్టండి సార్, ఉన్నది ఒక్క ప్రింటే” అన్నారు అంకుల్.

“కార్ చేజ్ ఉందా?”

“సైకిల్ ఉంది. దాని వెనక ఉల్లిపాయల బస్తా ఉంది.”

“దట్స్ ఎ స్టార్ట్, మేట్” అని డ్రైవరు ఆ డబ్బాలను తన సీటు వెనకే పెట్టుకున్నాడు.

పన్నెండింటికి బాథర్స్ట్‌లో ఉన్నాం. వెడల్పాటి వీధులు, ఎర్ర ఇటుక కట్టడాలు. ఫెస్టివల్ జరిగే హాలు స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. ఆటకు మూడు గంటల టైముంది కనుక మేం చేయాల్సిన అసలు పని మొదలుపెట్టాం. చిన్న ఫెస్టివల్స్‌లో పోస్టరు అతికించి ఊరుకుంటే ఎవరూ రారని అంకుల్‌కు ఎవరో చెప్పారట. మేం వంద కరపత్రాలు తెచ్చాం. బేకరీలో, పుస్తకాల షాపులో, పోస్టాఫీసు మెట్ల మీద పంచాం. “గుడ్ ఆర్వో, బిర్యానీ గురించి సినిమా, సమోసాలు ఉచితం” అని, గుడ్ ఆఫ్టర్‌నూన్‌ను కూడా అక్కడివాళ్ళలా కుదించి చెప్పడం నాకు గంటలో అలవాటైపోయింది. తరవాత తెలిసింది, ఆ కరపత్రంలో సినిమా ఎంతసేపో వేయడం మరిచిపోయామని.

హాల్లో ప్రొజెక్టరు నడిపేది బ్యారీ అనే రిటైరైన స్కూలు మాస్టారు. ఫిల్ము మెషీను ఒక్కటే, కాబట్టి రీలు మార్చడానికి మధ్యలో ఆపక తప్పదన్నాడు. “మాకు కావాల్సింది అదే. మొదటి రీలు అయిపోగానే లైట్లు వేసెయ్యండి” అన్నారు అంకుల్. టీ టేబుల్ దగ్గర జోన్ అనే పెద్దావిడ కప్పులు సర్దుతోంది. సమోసాల డబ్బా మూత తీసి ఆమె ముందు పెడితే, వంగి వాసన చూడబోయి, మళ్ళీ నిటారుగా నిలబడి, “చూడ్డానికి బాగున్నాయి” అంది. నేనప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

మూడింటికి హాల్లో నలభై మంది ఉన్నారు. మూడో వరసలో ఎర్ర స్కార్ఫుతో కూర్చున్నది హెలెన్ అని బ్యారీ చూపించాడు. లైట్లు ఆరాయి. నేను స్పేస్ బార్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి నవ్వు నాలుగో నిమిషంలో వచ్చింది. నేను రాసిన మాటకు ముక్కూమొహం తెలియని నలభై మంది నవ్వడం నాకదే మొదటిసారి. ఆ సంతోషంలో ఒక స్లైడు ముందే నొక్కేశాను. మాస్టరు మూతపెట్టాడు. ‘నౌ వుయ్ వెయిట్’. తెర నల్లబడింది. తెలుగులో ‘విశ్రాంతి’ అని పడింది. బ్యారీ లైట్లు వేశాడు.

చప్పట్లు మోగాయి. గట్టిగా, చాలాసేపు. ఇంటర్వెల్‌కే ఇన్ని చప్పట్లా అని అంకుల్ మొహం వెలిగిపోయింది. ఇంటర్వెల్ దగ్గర దెబ్బ అదిరితే సినిమా ఆడినట్టే అని మనవాళ్ళు అంటుంటారు కదా. ఆయన ఒక్క పరుగున టీ టేబుల్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆయన చెయ్యి పట్టుకున్నారు.

“వాట్ ఎన్ ఎండింగ్!” అన్నాడు ఒకాయన.

“థాంక్యూ, థాంక్యూ! సమోసా తీసుకోండి సార్.”

“ఎంత ధైర్యమండీ, మూత తీయకుండా ఆపేశారు!”

“అవునండీ, అదే అక్కడ ట్విస్టు! ఇంకోటి తీసుకోండి.”

సినిమా ముగింపు గురించి వాళ్ళు మాట్లాడుతున్నారు, ఇంటర్వెల్ దెబ్బ గురించి ఈయన మాట్లాడుతున్నారు. నేను లోపల ల్యాప్‌టాప్ దగ్గరే ఉన్నాను. ఒక ముసలాయన కోటు గుండీలు పెట్టుకుంటూ వచ్చి, ప్రేక్షకుల ఓటు చీటీ నా చేతిలో పెట్టి, “చిన్నదే అయినా చక్కగా ఉంది” అన్నాడు. అప్పుడు హాలంతా చూశాను. సీట్ల మీద ఒక్క కోటూ లేదు, ఒక్క సంచీ లేదు. ఇంటర్వెల్‌కు వెళ్ళేవాళ్ళెవరూ కుర్చీ మీద రుమాలైనా వేయకుండా వెళ్ళరు. ఇక్కడి సినిమాలకు అసలు ఇంటర్వెలే ఉండదని అప్పుడు వెలిగి, టీ టేబుల్ దగ్గరికి పరుగెత్తాను.

“అంకుల్! వీళ్ళు టీకి కాదు, ఇంటికెళ్తున్నారు!”

ఆయన చేతిలో కెటిల్ అలాగే ఉండిపోయింది. “ఇంటికా? ఇంకా మూతే తియ్యలేదు గదమ్మా!”

తరవాత పది నిమిషాలు మేం చేసినదాన్ని సినిమా ప్రచారం అనవచ్చో లేదో తెలియదు. అంకుల్ కార్ల దగ్గరికి పరుగెత్తి కిటికీలు తట్టారు. “సార్, హాఫ్ మాత్రమే అయింది, ప్లీజ్ కమ్ బ్యాక్” అంటుంటే, సగం తిన్న సమోసాలతో జనం ఆయన్ని వింతగా చూశారు. బ్యారీ మెట్ల మీద నిలబడి చప్పట్లు కొడుతూ పిల్లల్ని క్లాసుకు పిలిచినట్టు పిలిచాడు. హెలెన్ కోసం నేను పరుగెత్తాను. ఆవిడ రెండు వీధుల అవతల బేకరీలో కనిపించింది, చేతిలో వేడి మీట్ పై. విషయం చెప్పాను.

“ఇంకా ఉందా?” అంది. ఆమె మొహంలో సంతోషం కాస్త తగ్గడం నేను చూశాను. అయినా ఆ మీట్ పైని కాగితంలో చుట్టుకుని నాతో వచ్చింది.

నలభై మందిలో ఇరవై మూడు మంది తిరిగి వచ్చారు. నాలుగూ పదికి రెండో రీలు మొదలైంది. మొదటి సగంలో కనిపించని భార్యకు ఇక్కడ నిజం తెలుస్తుంది. ఆమె మొగుణ్ణి ఒక్క మాట అడగదు. డేగిసా దగ్గర అతని పక్కన నిలబడి, రుచి చూసి, ఎవరికీ వినపడకుండా “ఇంకొంచెం” అంటుంది. అంతే, అక్కడి నుంచి ఆమె నాలుక మీదే అతని వంట నడుస్తుంది. ఈసారి చప్పట్లు మామూలుగానే ఉన్నాయి. కానీ వెనక వరసలో కూర్చుని చూసిన జోన్ మాత్రం వెంటనే లేవలేదు. అందరూ వెళ్ళాక అంకుల్ దగ్గరికి వచ్చి, ఒక జబ్బు తరవాత మూడేళ్ళుగా తనకు ఏ వాసనా తెలియదని చెప్పింది. “మా ఆయనే నా సూప్ రుచి చూస్తాడు. ఎవరికీ చెప్పలేదు. మీకెలా తెలిసింది?” అంది. అంకుల్ ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డారు.

ఐదుంపావు కోచ్‌లో హెలెన్ మా ముందు సీట్లోనే కూర్చుంది. ఊరు దాటాక వెనక్కి తిరిగి, మొహమాటం లేకుండా చెప్పింది. “నిజం చెప్పాలి. మొదటి రీలు చాలా గొప్పగా ఉంది. మూత దగ్గర ఆపేయండి. ముప్పై ఆరు నిమిషాల సినిమాగా ఇస్తే మెల్బోర్న్‌కు తీసుకుంటాను. రెండో సగం అన్నీ విప్పి చెప్పేస్తోంది.”

అంకుల్ నావైపు తిరిగారు. తెలుగులో అడిగారు. “ఏమంటావమ్మా?”

“మీరు కోరుకున్నది మెల్బోర్నే కదంకుల్” అన్నాను. నిజానికి నాకు ఆశగానే ఉంది. ‘నౌ వుయ్ వెయిట్’ నా మాట, దానితో సినిమా ముగుస్తుందంటే ఎందుకు వద్దనిపిస్తుంది?

లిత్‌గో దీపాలు కనబడుతుండగా ఆయన ముందుకు వంగి, “మేడమ్, చాలా థాంక్స్. కానీ మూతపెట్టి పెళ్ళివాళ్ళను ఇంటికి పంపితే మా ఊళ్ళో తంతారు” అన్నారు. హెలెన్ నవ్వింది. ఆయన నవ్వలేదు. “ఆ టీ ఆవిడ మొదటి రీలుకే వెళ్ళిపోయుంటే, నాతో ఆ మాట చెప్పేది కాదు. రెండు రీళ్ళూ కలిసే వస్తాయి.” హెలెన్ తన కార్డు ఇచ్చి, మనసు మారితే శుక్రవారంలోగా చెప్పమంది. మారలేదు. శుక్రవారం వెళ్ళిపోయింది.

మేం ఇల్లు చేరిన ఆ శనివారం రాత్రే బ్లాక్‌టౌన్‌లో రజియా ఆంటీ అంతా విని, “అంటే నేను లేని సగమే బాగుందందా ఆవిడ?” అని ముందు కోప్పడి, తరవాత పడీపడీ నవ్వింది. ఆయేషా మాత్రం ఒక్కటే అడిగింది. “సో దే జస్ట్ ఏట్ ద సమోసాస్ అండ్ లెఫ్ట్?”

ప్రచారమంటే జనాన్ని హాల్లోకి రప్పించడమని అనుకుని బయల్దేరాం. మనకు పుట్టుకతో తెలిసినది అవతలివాళ్ళకు తెలియదని గుర్తుపెట్టుకోవడమే దానిలో కష్టమైన పని అని వెళ్ళొచ్చాక నాకు అర్థమైంది. వారం రోజులు ఒక మాటకోసం వెతికిన నేను, ఇంకో మాట అక్కర్లేదని ఒక్క నిమిషంలో వదిలేశాను. యూసుఫ్ అంకుల్ కాన్‌బెర్రాలో చేరారు. సినిమా మెల్బోర్న్ వెళ్ళలేదు, మంచం కిందికీ వెళ్ళలేదు. జోన్ చెప్పగా, పక్క ఊరైన ఆరెంజ్‌లో ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్ళు వచ్చే నెల వేస్తామని రాశారు. ఆంటీ ఈసారి సమోసాలు తనే స్వయంగా తెస్తానంటోంది. ఇలా వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒక్కటే: మీ సినిమాకు ఇంటర్వెల్ ఉంటే, కరపత్రంలో నిడివి వేయండి, ఆ కార్డుకూ సబ్‌టైటిల్ రాయండి. మా స్లైడ్లు ఇప్పుడు నాలుగు వందల పదమూడు. కొత్తది ‘నౌ వుయ్ వెయిట్’ తరవాత వస్తుంది. ఇంగ్లిష్‌లో దానికి మూడే వాక్యాలు: ఇది ఇంటర్వెల్. మూత ఇంకా తీయలేదు. దయచేసి వెళ్ళిపోకండి.