మడమ ఉన్న పన్ను

మేడమ్ పోయారని ఆఫీసు రిసెప్షన్‌కు ఫోన్ వచ్చింది. సెలవు అడిగితే, "మీకేమవుతారండి?" అన్నాడు మేనేజర్. ఎమ్మెస్సీ జియాలజీలో నాకు పాఠం చెప్పారన్నాను. "రక్తసంబంధం కాదుగా. సాయంత్రం వెళ్లండి." మాదాపూర్‌లోని ఈ కొత్త అద్దాల మేడకు కిటికీలు తెరుచుకోవు. రెండువేల సంవత్సరం వచ్చేలోపు పాత కంప్యూటర్ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేస్తూ కూర్చున్నాను. నేను చేరుకునేసరికి అంతా అయిపోయింది.

ఆదిలాబాద్ వైపు మట్టిలో, డైనోసార్ల కాలంనాటి ఎలుకంత జంతువు పన్ను ఒకటి ఆమెకు దొరికింది. ఆవగింజకన్నా చిన్నది. మూడు మొనలు త్రికోణంగా ఉన్నాయి కాబట్టి దాన్ని సిమ్మెట్రోడాంట్లలో చేర్చారు. తొలినాటి క్షీరదాల్లో, ఎప్పుడో అంతరించిన గుంపు అది. ఆమె కనిపెట్టి పేరు పెట్టిన జంతువు అదొక్కటే.

నిజానికి దొరికినవి రెండు పళ్లట. అంత చిన్నదాన్ని తడి కుంచె మొనతోనే ఎత్తాలి. కుంచెను నాలుకకు రాసి మొన తీర్చడం ఆమె అలవాటు. ఓ రోజు పన్ను దానికే అంటుకొని ఉందని మరిచారు. "అది మింగేసిన, బిడ్డా! మిగిలింది ఎనక ఇరిగిన పన్ను. దాన్ని చూసే గుంపు తేల్చిన," అని నవ్వేవారు.

చూపు మందగించాక ఆదివారాలు నన్ను పిలిచేవారు. శేరిలింగంపల్లిలో కిరాయి ఇల్లు. పన్ను ఎగిరిపోతుందని ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసేవారు. ఆదిలాబాద్ నుంచి తెచ్చినదాంట్లో మిగిలిన మట్టిని జల్లించి ఆ ఉక్కలో ఏరేదాన్ని.

"ఏందే, జైల్ల పడ్డట్టు గిట్ల కూసున్నవ్?"

"ఉక్కగా ఉందండి."

"ఆఫీసుల ఏసీ ఉన్నది గద. ఆడ బాగుంటవా?"

నేను జల్లెడ అందుకున్నాను. ఆమె మళ్లీ అడగలేదు. అందుకే వెళ్లేదాన్నేమో.

మొన్నామధ్య అచ్చం అలాంటి పన్నే, విరగనిది, సూక్ష్మదర్శిని కింద కనిపించింది. మొనల వెనక చిన్న మెట్టులా మడమ. పాత పన్నులో విరిగింది ఆ భాగమే. సిమ్మెట్రోడాంట్లకు మడమ ఉండదు. ఉందంటే, ఆమె ఒక్కగానొక్క జంతువు ఇన్నేళ్లూ తప్పు గుంపులో ఉన్నట్టే. సూక్ష్మదర్శిని మీంచి తలెత్తి ఆమెను చూశాను.

"నన్ను చూసి చెప్పకు. పన్నును చూసి చెప్పు."

"మడమ ఉందండి."

"పాపం, ఇన్నేండ్లు పరాయి ఇంట్ల కూసోబెట్టిన. బయటికి తియ్యి," అన్నారు.

"మరి ఎక్కడ పెట్టాలండీ?"

"నాకు తెల్వదు. తెల్వదని రాసెటందుకు సిగ్గెందుకు? నువ్వు రాయి. నా తప్పుతోనే మొదలువెట్టు."

ఆ వ్యాసం మొదలుపెట్టేలోపే వెళ్లిపోయారు. ఆ సాయంత్రం మేడమ్ చెల్లెలు, మందు ఖాళీ చేసిన క్యాప్సూల్ ఒకటి నా చేతిలో పెట్టింది. లోపల ఆ మడమ ఉన్న పన్ను. "నీకే ఇయ్యమన్నది అక్క."

మర్నాడు ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నా సంచి వెతుకుతూ దాన్ని బయటికి తీశాడు.

"ఖాళీ గోలీ ఏందమ్మా? పారెయ్యాల్నా?"

"వద్దన్నా! అందులో ఒక జంతువుంది."

ఆయన నన్నోసారి చూసి, క్యాప్సూల్‌ను రెండు వేళ్ల మధ్య ఎండకెత్తి, ఒక కన్ను మూసుకున్నాడు. నా వెనక లైనంతా ఆగిపోయింది.