మూడు శుక్రవారాల కీపర్

కంపెనీల జట్లు ఆడే పెద్ద లీగులో నేను మూడు మ్యాచ్‌లు ఆడాను. మూడంటే మూడే. అవి కూడా రియాద్ ఊరవతల, గడ్డిపరక మొలవని మైదానంలో, సిమెంటు పిచ్ మీద పరిచిన మ్యాటు వెనకాల. "నువ్వు క్రికెట్ ఆడేవాడివట కదా" అని ఎవరైనా అంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఎవరూ నన్ను తీసెయ్యలేదు. నా కొంప నేనే ముంచుకున్నాను.

నా పని ఫుట్‌పాత్‌ల మీద ఇంటర్‌లాక్ ఇటుకలు పరచడం. పొద్దున గొంతుక్కూర్చుంటే మళ్లీ మధ్యాహ్నం అన్నానికే లేవడం. లారీ మీది మనిషి ఇటుక విసురుతాడు. నేను కూర్చున్నచోటే దాన్ని రెండు చేతుల మధ్య అదిమి పట్టి, పక్కదానికి ఆనించి, రబ్బరు సుత్తితో కొడతాను. పదకొండేళ్లలో ఎన్ని పట్టానో ఆ దేవుడికే తెలియాలి. జారితే కాలివేళ్లు చితుకుతాయి, అందుకని జారనిచ్చేవాణ్ణి కాదు.

ఒకరోజు ఒక ఆఫీసు ముందు పని పడింది. అందులో పనిచేసే హైదరాబాద్ పాతబస్తీ మనిషి ఒకాయన చాయ్ తాగడానికి బయటికొచ్చి, చాయ్ చల్లారేదాకా నన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆ కంపెనీ జట్టుకు ఆయనే కెప్టెన్.

"క్యా భాయ్, క్రికెట్ ఆడ్తవా?"

"క్యాంపుల ఆడ్త భాయ్, టేపు సుట్టిన టెన్నిస్ బంతితోని. గట్టి బంతి ఇప్పటిదాంక ముట్టలే."

"ఇటుక పట్టెటోనివి, బాల్ పట్టలేవా? శుక్రవారం రా. మా కీపర్ నౌకరి ఇడిశి ఇంటికి పోయిండు."

ఇంకో మాట కూడా అన్నాడు. వాళ్ల స్టోర్‌లో మనిషి కావాలట. నేను జట్టులో కుదురుకుంటే మేనేజర్‌తో మాట్లాడి నా కఫాలా, అంటే వీసా పూచీ, వాళ్ల కంపెనీకి మార్పిస్తాడట. స్టోర్ అంటే నీడ. ఏసీ. కుర్చీ! గదికి వెళ్లి చెబితే, నా పక్క మంచం జగిత్యాల అన్న మూతి విరిచాడు.

"గొర్రె కసాయోన్నే నమ్ముతది తమ్మీ."

"నీ నోట్ల మంచి మాట రాదా అన్నా!" అని కసిరాను.

మొదటి మ్యాచ్‌లో రెండు క్యాచ్‌లు పట్టాను. అంతసేపు గొంతుక్కూర్చుంటే మోకాళ్లు నొయ్యవా అని అవతలి జట్టువాళ్లు అడిగితే నవ్వొచ్చింది. రెండో మ్యాచ్‌లో ఒకణ్ణి స్టంపౌట్ చేశాను. కెప్టెన్ వాటేసుకుని, "సీజన్ కానియ్ మియా, స్టోర్ పని నీదే" అన్నాడు. ఆయన ఇచ్చిన గ్లవ్స్‌ని తలగడ పక్కన పెట్టుకుని పడుకున్నాను. నవ్వితే నవ్వండి.

ఆయన నాకు పదేపదే నేర్పింది ఒక్కటే. "వేళ్లు బాల్‌కు ఎదురు పెట్టకు. కిందికి పెట్టు, లేదంటె మీదికి." ఇటుకకు ఇది పూర్తిగా తలకిందులు. వేళ్లు విసిరేవాడి వైపే చాచి రెండు పక్కలా అదమాలి, లేకపోతే నిలవదు.

మూడో మ్యాచ్‌లో మ్యాటు అంచు మీద పడిన బంతి బ్యాటు కొసను రాసుకుని నా ఛాతీ మీదికి లేచింది. ఆ క్షణంలో నా చేతులు కెప్టెన్ మాట వినలేదు, ఇటుకనే పట్టాయి. కుడిచేతి ఉంగరం వేలు లోపల పుల్ల విరిగినట్టు చప్పుడైంది. బంతి మాత్రం వదల్లేదు. క్యాచ్! అందరూ పరుగెత్తుకొచ్చి నా చేతుల మీద చరిచారు. ఆ చేతి మీదే చరిచారు.

"దెబ్బ తాకిందా?" అన్నాడు కెప్టెన్.

"ఏంగాలే భాయ్."

మిగతా మ్యాచ్ అంతా పళ్లు బిగించి కీపింగ్ చేశాను. చెబితే వేరే కీపర్‌ని వెతుకుతారు, వాడు కుదిరితే స్టోర్ పని గోవిందా. ఫోర్‌మన్‌కి చెబుదామంటే, సెలవురోజు ఆటలో విరగ్గొట్టుకున్నానని రాసి జీతం కోస్తాడు. క్యాంపుకొచ్చి ఇటుకల కింది చెక్క నుంచి పేడు చీల్చి, వేలికి ఆనించి, కరెంటు టేపు చుట్టాను. దానిమీద పని గ్లవ్స్ తొడుక్కుని ఇటుకలు పట్టాను. కళ్లలో నీళ్లు తిరిగితే దుమ్మన్నాను.

ఆ తర్వాతి శుక్రవారం దుమ్ము తుఫానుకు మ్యాచ్ ఆగిపోయింది. వెంటనే రంజాన్ వచ్చింది, ఆ నెలంతా ఆటలు లేవు. దేవుడు నా పక్కనే ఉన్నాడనుకున్నాను, ఎంత పిచ్చివాణ్ణి! నెల తర్వాత టేపు విప్పితే వేలు వంకరగా బిగుసుకుపోయి ఉంది. ముడుచుకోదు, చాచుకోదు. క్లినిక్‌లో మలయాళీ డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముక అడ్డంగా అతుక్కుందని, ఆ రోజే వచ్చి ఉంటే సరైన కట్టుతో పోయేదని అన్నాడు.

"చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటె ఏం లాభం తమ్మీ" అన్నాడు అన్న. ఈసారి ఎగతాళి చెయ్యలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

పండుగ అయ్యాక కెప్టెన్ ఫోన్ చేసి రమ్మన్నాడు. గ్లవ్స్ సంచిలో వేసుకుని మెట్రోలో వెళ్లాను. ఆఫీసు కార్ల దగ్గర ఎదురొచ్చాడు, ముఖం వెలిగిపోతోంది.

"మేనేజర్ ఒప్పుకున్నడు! శుక్రవారం నీ ఆట చూడనీకి ఆయనే వస్తుండు. పట్టు!" అంటూ జేబులోని బంతి తీసి విసిరాడు.

చేతులు లేచాయి. బంతి వంకర వేలికి తగిలి కిందపడి ఒక కారు కిందికి దొర్లింది. ఆయన నవ్వి, తీసుకొచ్చి, ఈసారి మెల్లగా విసిరాడు. మళ్లీ పడింది. అప్పుడు దగ్గరికొచ్చి నా చెయ్యి తిప్పి చూశాడు.

"ఎప్పుడైంది?"

"మూడో మ్యాచ్‌ల."

"అయ్యో మియా! ఆ రోజే చెప్తె నా కార్ల దవాఖానకు తీస్కపోతుంటి గదా. మ్యాచ్‌ల దెబ్బ తాకినోన్ని ఇడిశిపెడ్తమా? బాగయ్యెదాంక ఆగుతుంటిమి."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. నేను సంచి ఆయన చేతికిచ్చాను. ఆయన తీసుకుని, "మేనేజర్‌కు ఏం చెప్పాలె ఇప్పుడు" అని తనలో తనే అనుకున్నాడు. నేను మెట్రో వైపు నడిచాను.

ఇటుకలు జారుతున్నాయని ఫోర్‌మన్ నన్ను కింది నుంచి మార్చేశాడు. ఇప్పుడు నేను లారీ మీద నిలబడతాను. విసరడానికి ఆ వేలు అక్కర్లేదు.