ఉడకని గుడ్డు

పులివెందుల అరటితోటల్లో గెలలు కోశాక మిగిలిన బోదెలన్నీ సంసోను ఎరువుకుప్పకే చేరతాయి. బోదె ముక్కలు ఒక వరస, పేడ ఒక వరస పేర్చి, రోజూ పొద్దున్నే మోచేతి దాకా కుప్పలోకి చెయ్యి దూర్చి, నాడి పట్టిన వైద్యుడిలా కళ్లు మూసుకుంటాడు. "దీని కాకకు గుడ్డు ఉడుకుతాదప్పా" అని దారిన పోయేవాళ్లందరికీ చెప్తాడు. కుప్ప మీంచి లేచే ఆవిరి చూసి ఒకసారి ఫైరింజను వచ్చిందట. దాన్ని చూసినవాడు మాత్రం అతనొక్కడే. పోయినేడు ఆ గొప్పలకే పోయి, కాక తగ్గని ఎరువును నిర్మలమ్మ బత్తాయి తోటలో చీనీ మొక్కలకు వేయించాడు. వేళ్లు మాడి నలభై మొక్కలు ఎండిపోయాయి. అప్పటి నుంచి ఆమె అతని బండిని తోటలోకి రానివ్వలేదు.

ఈసారి నాలుగు నెలలు తిరగేసి, తడిపి, ఓపిగ్గా మాగబెట్టి, ఆమెను కుప్ప దగ్గరికే పిలిచాడు.

"ఇంగేం కోతలు కోస్తావో కోయి సంసోనూ" అందామె.

అతను కుప్ప నడుమ నుంచి ఒక కోడిగుడ్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నిన్న పొద్దున పెట్టినానమ్మా. పగలగొట్టి చూడు."

ఆమె రాయికేసి కొట్టింది. సొన పచ్చిగా జారి నల్లటి ఎరువు మీద పడింది. నిర్మలమ్మ పిడికెడు ఎరువు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. పేడ కంపు లేదు, వాన పడిన మట్టి వాసన వచ్చింది.

"బండి యాడ పెట్టినావు?" అంది.