గడిలో ఒక రాత్రి, బాపుతో

పాత కట్టడాలంటే నాకు పిచ్చి అని ఈ బ్లాగు చదివేవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ ఈసారి ప్రయాణానికి కారణం నేను కాదు, మా బాపు, అంటే మా నాన్న. నారాయణపేట దారిలో ఒక పాత గడిని బాగుచేసి హోటల్‌గా మార్చారని నేను ఫోన్లో ఫోటోలు చూపిస్తుంటే, ఆయన ఫోను లాక్కుని, కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. అది ఆయన పుట్టిన ఊరి గడి. మేం పాలమూరు పట్నంలో పెరిగాం కాబట్టి నాకు తెలియలేదు. గడి అంటే ఒకప్పుడు దొరలు ఊరి నడుమ కట్టుకున్న కోటలాంటి ఇల్లు. మా తాత ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్ళూ ఆ గడిలో జీతమున్నాడు, పాలేరుగా. పశువుల కొట్టం దాటి లోపలికి ఏనాడూ పోలేదు. బాపు చిన్నతనంలో తాతకు సద్ది పట్టుకుని వెనక దర్వాజ దాకా వెళ్ళేవాడట.

"నాయిన లోపల అడుగు పెట్టకుంటనే పోయిండు. నేనన్న ఒక్క రాత్రి గాడ పండుకోవాలె బిడ్డా. దొరలు పండుకున్న జాగల," అన్నాడు. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. నోరు తెరిచి నన్ను ఏదీ అడిగినట్టు గుర్తులేదు. ఆ సాయంత్రమే గది బుక్ చేశాను. పొద్దుటి ఫలహారంతో కలిపి ఇద్దరికీ ఒక రాత్రికి ఆరువేలు. ఆ సంగతి బాపుకు చెప్పలేదు, చెబితే బయలుదేరడు.

శనివారం పొద్దున ఆరున్నరకు హైదరాబాదులో కిరాయి కారెక్కాం. షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా మా పాలమూరు, అదే మహబూబ్‌నగర్ చేరి అక్కడ ఇడ్లీ తిన్నాం. తర్వాత దేవరకద్ర, మరికల్ దాటి నారాయణపేట వైపు తిరగాలి. ఆగుతూ పోయినా నాలుగు గంటలు పట్టదు. బస్సులో వచ్చేవాళ్ళు నారాయణపేట బస్సెక్కి దారిలో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. మరికల్ దాటాక రోడ్డుకు రెండు వైపులా కంది చేలు, ఎర్రనేల, మధ్యమధ్య ఎవరో పేర్చి మరిచిపోయినట్టు బండరాళ్ళు. డ్రైవరుది ఆ దగ్గర్లోని కోస్గి ఊరు. "గా గడికా మేడం? ఇప్పుడు గాడ పెండ్లి ఫోటోలు దిగుతున్నరు. మా చెల్లె పెండ్లప్పుడు మేం గూడ పోయినం, గేటు కాడనే ఆపిండ్రు," అన్నాడు నవ్వుతూ. బాపు నవ్వలేదు. కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

గడి ముందు కారు దిగి తలెత్తి చూశాను. మూడు నిలువుల ఎత్తు ప్రహరీ, మూలల్లో బురుజులు, ఏనుగు దూరేంత టేకు తలుపులు, వాటి మీద పిడికిలంత ఇనుప బొడిపెలు. నేను ఫోన్ తీసి ఫోటోలు తీస్తుంటే పక్కన బాపు లేడు. చూస్తే సంచి భుజాన వేసుకుని గోడ వెంట సందులోకి నడిచిపోతున్నాడు.

"బాపూ, దర్వాజ ఇటు!" అని కేక వేశాను.

"తొవ్వ ఇదే బిడ్డా," అన్నాడు వెనక్కి తిరగకుండానే.

ఉరికి అందుకునేసరికి వెనక వైపు ఇనుప కటకటాల ముందు నిలబడి ఉన్నాడు. వెనక దర్వాజ లేదు. పశువుల కొట్టం లేదు. ఆ జాగాలో నీలం పలకలు పరిచిన ఈతకొలను, చుట్టూ గొడుగులు, తెల్లటి పడక కుర్చీలు. తాను ఎటు వచ్చాడో అప్పుడు తెలిసినట్టుంది ఆయనకు, సిగ్గుపడుతూ నవ్వాడు. "కాళ్ళు వాటంతటవే వచ్చినయి. గీడనే ఎడ్లు నీళ్ళు తాగే తొట్టి ఉండె. ఇప్పుడు మనుషులు మునుగుతున్నరా!" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెయ్యి పట్టుకుని ముందు వైపుకు తీసుకొచ్చాను.

గడప దాటాక ఇద్దరం నోళ్ళు తెరిచాం. నడుమ ఆకాశం కనిపించే పెద్ద వాకిలి, చుట్టూ వరండాలు, రెండు చేతులా కౌగిలించినా అందని నల్లటి టేకు స్తంభాలు. పైన దూలాలకు చెక్కిన చిలకలు. గోడలకు గానుగలో రుబ్బిన డంగు సున్నం మళ్ళీ పాత పద్ధతిలోనే వేశారు, అరచెయ్యి ఆనిస్తే పట్టుగుడ్డలా జారుతుంది. పాత ఇళ్ళను చెడగొట్టే బాగుచేతలు ఎన్నో చూశాను. ఇక్కడ చేసినవాళ్ళకు దండం పెట్టాలనిపించింది. బాపు గోడకు వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. బయట ఎండ మండుతోంది.

"గింత సల్లగుంటదా లోపల!" అన్నాడు కాసేపటికి. "మా నాయిన ఎండల మాడి మసైతుండె. పదడుగుల అవతల గింత సల్లగుండెనా?"

 అంతసేపూ నేను మందపాటి గోడల గొప్పతనం వివరిస్తూ ఉన్నాను. ఇంత అందమైన ఇంటిని అందంగా ఉంది అనడం కూడా తప్పనిపించింది. అయినా అందంగానే ఉంది, ఏం చేయను.

మా గది పై అంతస్తులో, ఒకప్పుడు దొర పడుకున్న గది. పందిరి మంచాలు, రంగు అద్దాల కిటికీలు, బురుజు మీదికి దారి. బాపు అన్నీ చూశాడు, అన్నిటినీ ముట్టుకున్నాడు. కానీ ఎక్కడా కూర్చోలేదు. వరండాలో వరసగా కుర్చీలున్నా స్తంభం పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సీట్లు ఖాళీగనే ఉన్నయి కండక్టర్ సాబ్," అని ఆటపట్టించినా కదల్లేదు. రాత్రి భోజనాల వేళకు వంటింట్లో దొరికాడు, పొయ్యి పక్కన పీట మీద. వంట చేసే బాలమ్మ ఆ ఊరామెనే. జొన్నరొట్టెలు తడుతూ నాకే చెప్పింది.

"జర చెప్పమ్మా మీ బాపుకు. అందరు హాల్ల తింటున్నరు, ఈయన గీడ కూసుండె."

"గీడనే మంచిగున్నది చెల్లె. రొట్టె వేడి మీద దొరుకుతది," అన్నాడు బాపు.

రొట్టె, పచ్చిపులుసు, వంకాయ కూర, నువ్వుల పొడి. నేనూ ఆ పీట పక్కనే తిన్నాను. రుచి అమోఘం. కానీ బాపును ఇంత దూరం తీసుకొచ్చి, మళ్ళీ తాత ఆగిన చోటే ఆపేశానా అనిపించింది.

తెల్లారి లేచేసరికి బాపు పడుకున్న మంచం ఖాళీ. కిందికి వస్తే ముందు దర్వాజ బయట, వీధి అరుగు మీద వేసిన కుర్చీలో అంచున కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నేను దర్వాజ దగ్గరే ఆగాను. వీధిలో ఒక ముసలాయన కట్టె పట్టుకుని వస్తున్నాడు. గడి ముందుకు రాగానే ఆగి, నడుము వంచి, చెప్పులు విడిచి చేత పట్టుకుని, తల దించుకుని నడవసాగాడు. దొరల కాలంలో గడి ముందు నుంచి చెప్పులతో పోవడానికి వీల్లేదు. దొరలు పోయారు, హోటల్ వచ్చింది, ఆయన ఒంటికి మాత్రం ఆ కబురు అందలేదు.

బాపు చాయ్ కప్పు కింద పెట్టి దిగ్గున లేచాడు.

"ఓ మామా! చెప్పులేసుకో. లోపల దొర లేడు. నేనున్న."

ముసలాయన కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "ఎవలయ్యా నువ్వు?"

"జీతమున్న ఆశన్న కొడుకును."

"ఆశన్న కొడుకువా? గడిల ఏం చేస్తున్నవ్‌రా?"

"పండుకున్న మామా. పైన, దొర పండుకున్న అర్రల."

 ముసలాయన చేతిలోని చెప్పులను నేల మీద టప్పుమని పడేసి, ఒక్కొక్క కాలే దూర్చి, వాటితోనే మెట్లెక్కాడు. బాపు ఇంకో కుర్చీ లాగి వేసి, లోపలికి తిరిగి "ఇంకో చాయ్ తేండ్రి" అని గట్టిగా కేకేశాడు. బస్సులో వెనక సీటుకు కూడా వినిపించే పాత గొంతు అది. ఆ తర్వాత తన కుర్చీలో వెనక్కి ఆనుకుని, కాలు మీద కాలు వేసుకున్నాడు.

ఆ గోడల ముందు, ఆ దూలాల కింద నేను ఎంతగా ఆశ్చర్యపోయినా, నా ఒళ్ళు జలదరించింది మాత్రం ఆ చాయ్ కేకకే. మీరు వెళితే ఒక్క సలహా: పొద్దుటి చాయ్ గదికి తెప్పించుకోకండి. ముందు అరుగు మీద కూర్చోండి, పక్కన ఇంకో కుర్చీ వేయించండి, ఆ దారిన పోయేవాళ్ళను లోపలికి పిలవండి.