ఒక్క కొలత, రెండు గౌన్లు

ఆ టైలరుకు నోరెంత జోరో చెయ్యీ అంత జోరు. షాపులో మిషను చప్పుడు కంటే అతని మాటే పైకి వినపడేది. అతని పప్పులు ఉడకనిది తొమ్మిదేళ్ళ కూతురి దగ్గరొక్కచోటే.

ఆ పిల్ల బడిలో తోటిపిల్ల చెయ్యి కొరికింది, టీచరు మీదికి డబ్బా విసిరింది. ఇంకొక్కసారి జరిగితే పేరు కొట్టేస్తామని బడివాళ్ళు తేల్చి చెప్పారు. బడికి వచ్చే డాక్టరమ్మ, "ఇలాంటి కోపం కొంత పుట్టుకతో వస్తుందండీ, కొంత ఇంటి తీరుతో ముదురుతుంది" అంది. మనవాడు మొదటి సగమే చెవిన వేసుకున్నాడు. ఆ సగాన్నీ తీసుకెళ్ళి మామగారి నెత్తిన రుద్దాడు. "అంతా మీ నాన్న పోలిక!" అని భార్యను దెప్పడం, చెక్క స్కేలుతో పిల్లను బాదడం, ఈ రెండే అతనికి తెలిసిన వైద్యం.

అతని ధైర్యమంతా రెండో కూతురు. ఇద్దరూ కవలలు. ఇద్దరినీ సాకలేక, ఆర్నెల్ల వయసులోనే చిన్నదాన్ని పిల్లల్లేని అక్కకు ఇచ్చేశాడు. అది బంగారమని అక్క అంటుంది. ఏడాదికోసారి చూసొచ్చే ఇతను ఆ మాట ఊరంతా టాంటాం వేస్తాడు. ఆ బంగారాన్ని చూసైనా దీనికి సిగ్గొస్తుందని, ఒక ఆదివారం పెద్దదాన్ని వెంటబెట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాడు. ఇద్దరికీ ఒకే గుడ్డలో గౌన్లు కుట్టి తీసుకెళ్ళాడు. కవలలే కదా అని రెండూ పెద్దదాని కొలతతోనే కానిచ్చేశాడు. కొత్తగా పని నేర్చుకునేవాడు కూడా చేయని తప్పది.

అక్క ఇంట్లో చిన్నది కాస్త ఒళ్ళు చేసింది. గౌను చంకల దగ్గర పట్టేసింది. విప్పబోతే రాలేదు. అంతే, పర్రున చించేసి, చేతికందిన గ్లాసు గోడకేసి కొట్టి, పిడికిళ్ళు బిగించి ఇల్లెగిరిపోయేలా అరిచింది. టైలరు కొయ్యబారిపోయాడు. ఇంట్లో పెద్దది పెట్టే అదే కేక. బొటనవేళ్ళు లోపలికి మడిచిన అవే పిడికిళ్ళు.

అతని చెయ్యి దానంతటదే పైకి లేచింది.

"చెయ్యి దించరా" అంది అక్క, గొంతు పెంచకుండా. వెళ్ళి పిల్లకు కాస్త దూరంలో నేల మీద కూర్చుంది. కొట్టలేదు, బతిమాలలేదు. కాసేపటికి అరుపు ఏడుపయింది, ఏడుపు వెక్కిళ్ళయింది. పిల్ల తనే వచ్చి ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుంది.

"ఇది... ఎప్పుడూ ఇంతేనా?" అన్నాడు టైలరు.

"ఇప్పుడు నెలకోసారి. మొదట్లో రోజూ."

"మరి బంగారమన్నావు?"

"బంగారమే. ఉన్నది చెబితే నువ్వొచ్చి బాదుతావని చెప్పలేదు." అక్క తలెత్తి చూసింది. "మరిచిపోయావా? చిన్నప్పుడు నువ్వూ అచ్చం ఇంతే. ఇలాగే వేళ్ళు మడిచి అరిచేవాడివి. నాన్న నిన్ను చావబాది గదిలో పెట్టి గొళ్ళెం వేసేవాడు."

ఇన్నేళ్ళూ టైలరు ఆడిపోసుకున్నది మామగారిని. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పెద్దకూతురి కోసం చూశాడు.

అది తలుపు పక్కన గోడకు అతుక్కుపోయి, రెండు చేతులూ నెత్తికి అడ్డం పెట్టుకుని ఉంది. అతని చెయ్యి లేచింది దాని మీదికి కానే కాదు.

కాసేపటికి చేతుల సందులోంచి, తండ్రి వైపు చూడకుండా అడిగింది:

"అత్తా, నన్ను కూడా ఉంచుకుంటావా?"