నీళ్ళు తాగిన ఎర్ర కారు

పోయిన వారం రావులపాలెం దాటాక మా కారు వేడెక్కితే రోడ్డు పక్కన ఆపాం. దగ్గర్లోని షాపు నుంచి వచ్చిన మెకానిక్ చేతికి తడిగుడ్డ చుట్టుకుని రేడియేటరు మూత తిప్పగానే కూలెంటు కలిపిన నీళ్ళ ఆవిరి భుస్సుమని లేచింది. తియ్యని వాసన. బెల్లం పాకానిది కాదు, పండుది కాదు, తీపిలో ఎక్కడో ఇనుము కలిసినట్టుండే వాసన. మా ఆయన ముక్కు మూసుకుని దూరంగా జరిగాడు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. నేను ఆరో తరగతి చదివిన ఏడాది డిసెంబరులో మా ఇంట్లోకి వచ్చింది ఆ వాసనే.

మా ఇల్లు తణుకులో, కాలవగట్టు రోడ్డు మీద. ముందు నాన్న మెకానిక్ షెడ్డు, వెనక మేముండే రెండు గదులు. డిసెంబరు వచ్చిందంటే చెరుకు ఆడటం మొదలై ఊరంతా ఉడుకుతున్న రసం వాసన కమ్మేది; ట్రాక్టర్ల వెంట పరిగెత్తి లాక్కున్న గెడల్ని నమిలి నమిలి మా పెదాలు కోసుకుపోయేవి; ఫ్యాక్టరీ గొట్టంలోంచి రాలిన నల్లని నుసి ఆరేసిన చీరల మీద వాలితే, అమ్మ దులుపుతూ ఫ్యాక్టరీని, దానికి అంత దగ్గర్లో ఇల్లు కట్టిన మా తాతయ్యని కలిపి తిట్టేది. షెడ్డులో పనికిరాని వాషర్లు, నట్లు మా అష్టాచెమ్మా కాయలు. గవ్వల బదులు చింతపిక్కలు. నాతో ఆడేది కరుణ.

కరుణ వాళ్ళ నాన్న దేవదానానిది మా గోడకి అవతల లేతు షాపు. నేను దానం మావయ్య అనేదాన్ని, అమ్మ అన్నయ్యగారు అనేది. ఇంజను విప్పడం, బిగించడం నాన్న పని. అరిగిన భాగాల్ని చెక్కి, నునుపు చేసి ఇవ్వడం మావయ్య పని. ఇద్దరూ ఒకే షాపులో పని నేర్చుకున్నారు. గోడ మీంచి "ఒరే సత్యం, టీ వచ్చిందిరా" అని ఆయన కేకేస్తే, "వస్తున్నా ఉండరా" అని నాన్న ఇక్కణ్ణుంచి అరిచేవాడు. ఇటు సుత్తి మోగకపోతే అటు, అటు లేతు తిరగకపోతే ఇటు, ఎవరికి ఒంట్లో బాగాలేదో రెండో వాళ్ళకి చప్పుడుని బట్టే తెలిసిపోయేది. క్రిస్మస్ ముందు కరుణ వాళ్ళమ్మ ఇనప అచ్చుని పిండిలో ముంచి, కాగే నూనెలో పెట్టి, గులాబీ పువ్వులు వేస్తుంటే, విరిగినవన్నీ మా ఇద్దరివి.

ఆ ఏడాది నవంబరులో ఎర్ర కారు వచ్చింది. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న బాబ్జీ గారిది. ఇద్దరే కూర్చునే బుల్లి కారు. పందేల్లో పరిగెత్తించేందుకు ఎవరో టర్బో బిగించి, ఆ వేగం తట్టుకోలేక ఇంజను పోతే, చెన్నైలో కొనుక్కొచ్చి నాన్నకి అప్పజెప్పారు. నెలంతా అదే పని. ఇంజను పై భాగాన్ని హెడ్డు అంటారు. మావయ్య దాని అడుగుని అద్దంలా చెక్కి ఇచ్చాడు. నాన్న దాన్ని పది బోల్టులతో బిగించాడు. సరిపడా బిగిసిందంటే టిక్కుమనే పొడుగాటి రెంచి ఒకటి ఉండేది నాన్నకి. దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇంజను స్టార్టయిన రోజు వీధి వీధంతా వచ్చి చూసింది. దానం మావయ్య నాన్న వీపు మీద ఒక్కటి చరిచాడు. పూతరేకులు పంచారు.

పది రోజులకి కారు తిరిగొచ్చింది.

"సత్యం గారూ, ఇదేంటండీ, రోజూ చెంబెడు నీళ్ళు తాగేస్తుంది. కింద చూస్తే చుక్క లేదు" అన్నారు బాబ్జీ గారు.

నాన్న కారు కింద పాత పేపర్లు పరిచాడు. ఒక్క మరక పడలేదు. సైకిలు పంపుకి మీటరు తగిలించి తనే చేసుకున్న సాధనంతో రేడియేటరులోకి గాలి కొట్టి కూర్చుంటే, ముల్లు చూస్తుండగానే కిందికి జారిపోయేది. గొట్టాలన్నీ తడిమాడు, అన్నీ పొడిగానే ఉన్నాయి. ఇంజనాయిలు తీసి చూస్తే అందులో నీళ్ళు కలిసిన తెలుపు లేదు. మరి ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోతున్నట్టు? మూడు రోజులు నాన్న అన్నం కూడా ఆ కారు పక్కనే తిన్నాడు. నాలుగో రోజు పొద్దున్నే కారు స్టార్ట్ చేసి చూస్తున్నాడు. పైపులోంచి తెల్లగా పొగ వస్తోంది, కానీ మంచు కాలంలో ఏ బండికైనా అంతే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. పొయ్యి దగ్గర్నుంచి అమ్మ బయటికొచ్చింది.

"ఏవండీ, ఈ పొగేంటి తియ్యగా వాసనొస్తుంది?"

నాన్న ఇంజను ఆపేసి స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పి వరసగా పెట్టాడు. మూడు గోధుమరంగులో ఉన్నాయి. మూడో సిలిండర్‌ది మాత్రం తోమిన గిన్నెలా తళతళలాడుతోంది. నీళ్ళు లోపల్లోపలే ఆ సిలిండర్‌లోకి దిగి, ఆవిరై, ప్లగ్గుని కడిగేసి పొగలో పోతున్నాయి. హెడ్డు విప్పితే కింద పరిచిన పల్చటి గాస్కెట్టు రేకు మీద సరిగ్గా అక్కడే మరక. హెడ్డు అక్కడ గట్టిగా అదమలేదన్నమాట.

బాబ్జీ గారూ, మరో నలుగురూ నిలబడి ఉండగా నాన్న అన్నాడు: "నా బిగింపులో తప్పు లేదండి. రెంచి టిక్కుమన్నాకే వదిలాను. హెడ్డు సరిగ్గా చెక్కలేదు. లేతు దగ్గరే పాడైంది."

గోడవతల లేతు ఆగిపోయింది. దానం మావయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "స్కేలు పెట్టి చూడరా సత్యం. స్కేలు కింద సన్న కాగితం దూరినా నా షాపు మూసేస్తాను."

"చూడక్కర్లేదు. రాజమండ్రి పంపి మళ్ళీ చెక్కిస్తా."

మావయ్య చేతిలోని గుడ్డ భుజాన వేసుకున్నాడు. నాన్న మొహం కేసి కాసేపు చూసి వెళ్ళిపోయాడు. మర్నాడు బళ్ళో కరుణ వేరే బెంచీ మీద కూర్చుంది. క్రిస్మస్ నాడు గులాబీ పువ్వుల పళ్ళెం రాలేదు. గుమ్మంలోనే కూర్చుని మధ్యాహ్నం దాకా చూశాను. కాయలు పరుచుకుని నా పక్షం, కరుణ పక్షం నేనే ఆడుకుంటే ఏ పక్షం గెలిచినా ఏడుపొచ్చింది.

రాజమండ్రి వాళ్ళు హెడ్డు ఉన్నదున్నట్టు తిప్పి పంపారు. "ఇందులో చెక్కడానికేం లేదండి, అద్దంలా ఉంది" అన్నారట. నాన్న ఆ మాట విని ఇంజను ముందుకి ముక్కాలిపీట లాక్కున్నాడు. తర్వాత సన్నని కమ్మీ తీసుకుని పది బోల్టు కన్నాల్లోనూ ఒక్కొక్కదాన్లో దింపి లోతు చూశాడు. మూడో సిలిండర్ పక్కనున్న కన్నంలో కమ్మీ రెండు వేళ్ళ మేర ముందే ఆగిపోయింది. గోకితే అడుగు నుంచి గడ్డకట్టిన పాత ఆయిలు మడ్డి ఊడొచ్చింది. బోల్టు ఆ మడ్డిని తన్ని ఆగిపోయింది. రెంచి టిక్కుమంది, హెడ్డు మాత్రం అదమలేదు. బిగించే ముందు ఆ కన్నాలు శుభ్రం చేయాల్సింది నాన్నే.

అమ్మ వంకాయలు తరుగుతోంది. నాన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "పదింట్లో తొమ్మిదే తుడిచాను."

అమ్మకి అర్థమైంది. "మరి అన్నయ్యగారికి చెప్పారా?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"నలుగురిలో అన్నారు. నలుగురిలోనే చెప్పండి."

ఆదివారం నాన్న కిరసనాయిలుతో చేతులు కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని చర్చి దగ్గరికి వెళ్ళాడు. లోపల పాటలు అయిపోయేదాకా గేటు దగ్గరే నిలబడ్డాం. జనం బయటికొస్తుంటే దానం మావయ్యకి ఎదురెళ్ళి, అందరికీ వినపడేలా చెప్పాడు. "దానం, తప్పు నాది. కన్నం తుడవకుండా బిగించాను. నీ పని మీద నింద వేశాను. నన్ను క్షమించు."

పాదిరి గారు కూడా ఆగి చూశారు. మావయ్య బైబిలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"సరేనండి సత్యం గారూ. ఎప్పుడు బిగిస్తున్నారో చెప్పండి, వస్తాను."

అన్నట్టే వచ్చాడు. పది కన్నాలూ తనే కమ్మీతో చూశాడు. ఇంజను మళ్ళీ బిగిసింది, పంపు ముల్లు గంటసేపు కదల్లేదు, బాబ్జీ గారు నవ్వుకుంటూ కారు తీసుకెళ్ళారు. నాలుగో రోజుకి కరుణ చింతపిక్కలతో వచ్చేసింది. పనులు మునుపటిలాగే గోడ దాటుతూ వెళ్ళాయి, వచ్చాయి. "మీ నాన్న ఇప్పుడు మా నాన్నని గారూ, అండీ అంటున్నాడే" అని నేను కరుణతో గొప్పగా చెప్పాను. అది విని అమ్మ నన్ను లోపలికి పిలిచి, ఏ పనీ చెప్పకుండా తల నిమిరింది. ఆ గారు, ఆ అండీ ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయాయి.

నాలుగేళ్ళ కిందట మావయ్య మంచాన పడ్డాడు. నాన్న రోజూ వెళ్ళి పేపరు చదివి వినిపించేవాడు. ఒక రోజు మావయ్య మధ్యలో ఆపాడట. "ఒరే సత్యం, మొదటిసారి హెడ్డు బిగించిన రోజు నువ్వు కన్నాలు తుడుస్తూ గాలి కొడుతుంటే వింటూనే ఉన్నానురా. బాబ్జీ గారి జీపు వచ్చింది. గాలి ఆగిపోయింది. మళ్ళీ మొదలవలేదు. నువ్వు నన్ననగానే నాకు అదే గుర్తొచ్చింది. అంతమందిలో ఎలా చెప్పనురా?" ఈ సంగతి నాన్నే నాకు చెప్పాడు.

మావయ్య పోయాక లేతుని విప్పి అమ్మేశారు. నాన్న కూడా షెడ్డు మానేశాడు. ఇప్పుడు మధ్య గోడ కొట్టేసి, రెండు స్థలాలూ కలిపి అద్దాల షోరూము కట్టారు. కార్లు లోపలికి వెళతాయి, కంప్యూటరు తగిలిస్తారు, చెడిపోయిన ఇంజను తీసి కొత్తది పెట్టేస్తారు. తలుపులు ఎప్పుడూ మూసే ఉంటాయి, లోపల ఏసీ. నాన్నని తీసుకుని నిన్న సాయంత్రం దాని ముందు నుంచే నడిచాను. లోపల ఎవరో పని చేస్తూనే ఉన్నారు. చప్పుడు మాత్రం ఒక్కటీ వీధిలోకి రాలేదు.